పీహెచ్‌సీలో ఉంటూ కొత్త పరిశోధనలు, గైడ్‌లైన్స్ ఎలా అందుకోవాలి? ఒక సీనియర్ డాక్టరు సమాధానం

డాక్టరు గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఎంబీబీఎస్ అయ్యాక రాజోలు వైపు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా చేరారు. పొద్దున్న ఓపీ, మధ్యాహ్నం ఫీల్డు, సాయంత్రం రిపోర్టులు. వాట్సాప్ గ్రూపుల్లో రోజూ పీడీఎఫ్‌లు వచ్చి పడుతున్నాయి, ఒక్కటీ పూర్తిగా చదవలేకపోతున్నారు. వెనకబడిపోతున్నానేమో అని టెన్షన్. కొత్త పరిశోధనలు ఎలా అందుకోవాలి, వాటిని నర్సులకు, ఏఎన్ఎంలకు ఎలా చేర్చాలి అని అడిగారు.

నేను కోనసీమ పీహెచ్‌సీల్లో, ఆ తర్వాత ఏరియా ఆస్పత్రిలో ఫిజీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ అమలాపురంలో కొంతమంది డాక్టర్లం నెలకోసారి కూర్చుని చదువుకుంటాం. ఆ అనుభవంతో చెబుతున్నాను.

అన్నీ చదవాలని చూడకండి. మీ గుమ్మం తొక్కే జబ్బులు ఇరవై దాకా ఉంటాయి. ఒక్కోదానికి ఇప్పుడు అమల్లో ఉన్న గైడ్‌లైన్ ఏదో తెలుసుకుని దగ్గర పెట్టుకోండి. అది మారినప్పుడు మీతోపాటు రాత్రి డ్యూటీ నర్సు, ఫార్మసిస్టు, గోడ మీది చార్టు, స్టోర్లో స్టాకు కూడా మారేలా చూడండి.

ఆ చివరి ముక్క దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. డాక్టరు చదివేసి, తెలుసుకున్నాను అనుకుంటారు. రాత్రి పదకొండింటికి కేసు వచ్చినప్పుడు అక్కడ ఉండేది స్టాఫ్ నర్సు. ఆవిడ చేతికి అందనిది ఏదీ పేషెంటుకు అందదు.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ఈ-మోటివ్ ట్రయల్ (ట్రయల్ అంటే రెండు పద్ధతులను పేషెంట్ల మీద పోల్చి చూసే పరిశోధన). 2023లో వచ్చింది. కాన్పు తర్వాత రక్తస్రావం మీద కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రుల్లో, రెండు లక్షలకు పైగా కాన్పుల్లో చేశారు. కాన్పయిన వెంటనే తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచీలాంటి షీటు వేసి, కారే రక్తాన్ని కొలిచారు. గీత దాటగానే గర్భసంచి మసాజ్, ఆక్సిటోసిన్ (గర్భసంచిని బిగించే మందు), ట్రానెగ్జామిక్ యాసిడ్ (రక్తం కారడాన్ని తగ్గించే మందు), సెలైన్, ఎక్కడి నుంచి కారుతోందో పరీక్ష... ఇవన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానికోసం కడుపు కోయాల్సి రావడం, రక్తస్రావంతో చనిపోవడం, మూడూ కలిపి లెక్కేస్తే మామూలు పద్ధతి పాటించిన ఆస్పత్రుల్లో వెయ్యిమందిలో 43 మందికి జరిగితే, ఈ పద్ధతి పాటించినచోట 16 మందికి జరిగింది.

ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు. ట్రానెగ్జామిక్ యాసిడ్ ఉపయోగం 2017లోనే ఉమెన్ అనే మరో ట్రయల్ తేల్చింది, మూడు గంటల్లోపు ఇవ్వాలనీ చెప్పింది. ఆక్సిటోసిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కంటి అంచనా మీద నడిచిన ఆస్పత్రుల్లో రక్తస్రావం కేసుల్లో దాదాపు సగం గుర్తుపట్టలేదు. కొలిచినచోట నూటికి 93 కేసులు పట్టుకున్నారు. తెలిసిన విషయం మంచం పక్కకు రాకపోతే ఎంత నష్టమో ఈ అంకెలే చెబుతాయి. అందుకే మీరు ఎన్ని పేపర్లు చదివారన్నది నేను అడగను, మీ లేబర్ రూములో రక్తం కొలుస్తున్నారా అని అడుగుతాను.

మీ ఇరవై జబ్బుల జాబితా

ఇది మీ ఓపీ రిజిస్టరు లోంచే రావాలి, పాఠ్యపుస్తకం లోంచి కాదు. గత ఏడాది రిజిస్టరు తిరగేయండి. మన దగ్గరైతే బీపీ, షుగరు, జ్వరాలు, విరేచనాలు, కుక్క కాటు, పాము కాటు, టీబీ, గర్భిణుల్లో రక్తహీనత, కాన్పు ఎమర్జెన్సీలు, పసిపిల్లల దగ్గు-ఆయాసం, కొబ్బరి చెట్టు మీంచి పడ్డ దింపు కార్మికులు, బోదకాలు, వరదల తర్వాత వచ్చే చర్మవ్యాధులు, లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీటితో సోకే జ్వరం). పక్క మండలం జాబితా కూడా అచ్చంగా ఇలాగే ఉండదు. సఖినేటిపల్లి తీరంలో వేటకు వెళ్ళేవాళ్ళకు వచ్చేవి వేరు, లంక గ్రామాల్లో వచ్చేవి వేరు.

ఒక్కోదానికి ఒక్క పేజీ చాలు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2019 నుంచి స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోస్ అని ఒక్కో జబ్బుకు ఒక పేజీ చొప్పున విడుదల చేస్తోంది. ఉచితం. పీహెచ్‌సీలో ఏం చేయాలి, ఎప్పుడు పైకి పంపాలి అన్నది అందులో విడివిడిగా ఉంటుంది. ముందు అక్కడ మొదలెట్టండి. టీబీ, రేబిస్, మలేరియా లాంటివాటికి జాతీయ కార్యక్రమాల గైడ్‌లైన్సే మీకు ప్రమాణం. అనుమానం మిగిలితే పబ్‌మెడ్ వెబ్‌సైటులో పరిశోధనల సారాంశాలు, ఒక్కో విషయం మీద పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ వాళ్ళ సులభ భాష సారాంశాలు ఉచితంగా దొరుకుతాయి. పూర్తి వ్యాసం కావాలంటే ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చదివే మీ జూనియర్లను అడగండి. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు వేల జర్నళ్ళు అందుబాటులోకి వచ్చాయి.

ఏ కాగితం చేతికొచ్చినా ముందు దాని తేదీ చూడండి. వాట్సాప్ పీడీఎఫ్‌లతో పెద్ద చిక్కు ఇదే. తొలి పేజీ ఉండదు, ఏ ఏడాదిదో తెలియదు, దాని తర్వాత కొత్తది వచ్చిందో లేదో తెలియదు. తేదీ, విడుదల చేసిన సంస్థ పేరు లేని కాగితం ఎంత పెద్ద ప్రొఫెసరు ఫార్వర్డ్ చేసినా నేను పక్కన పెట్టేస్తాను. ఈమధ్య ఏఐ చాట్‌బాట్‌లను అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికి వాడుకోండి, కానీ అది చెప్పిన డోసును అసలు గైడ్‌లైన్‌లో మీ కళ్ళతో చూడకుండా చీటీ మీద రాయకండి.

పాము కాటు సంగతి కొంచెం వివరంగా

చదవడానికి, అమలుకు మధ్య దూరం ఎంత చిన్న వస్తువులో ఉంటుందో చూపించడానికి ఇది చెబుతున్నాను. రక్తపింజర కాటుకు 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఉంది. ప్రోటోకాల్‌లో ఒక్క లైను. రెండు మి.లీ. రక్తం తీసి, శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు టెస్ట్‌ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే విషం ఎక్కినట్టు.

ఈ పరీక్ష అందరికీ తెలుసు. అయినా ఒక ఆస్పత్రిలో ఏ కాటు కేసు వచ్చినా రక్తం గడ్డకట్టడం లేదనే రిపోర్టు వస్తోంది. కాటు గుర్తు సరిగ్గా లేనివాళ్ళకు కూడా అదే ఫలితం. వెళ్ళి చూస్తే సరఫరాలో వచ్చినవి ప్లాస్టిక్ ట్యూబులు. ప్లాస్టిక్‌లో రక్తం గడ్డకట్టడం మొదలవ్వాల్సినట్టు మొదలవ్వదు, గాజు ఉపరితలం తగిలితేనే ఆ ప్రక్రియ జరుగుతుంది. మూలన ఉన్న నాలుగైదు గాజు ట్యూబులనేమో సబ్బు పొడితో కడిగి వాడుతున్నారు. ఆ సబ్బు పొర మిగిలినా ఫలితం తప్పే. అంటే విషం ఎక్కనివాళ్ళకు కూడా యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు) ఎక్కించే పరిస్థితి. దానితో వచ్చే రియాక్షన్లు చిన్నవేం కావు. డాక్టర్లు చదవలేదని అనలేం, చదివారు. కొత్త గాజు ట్యూబుల ఇండెంటు మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఇంకో జాగ్రత్త. ఈ పరీక్ష పింజర జాతికి. కట్లపాముకు పనికిరాదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతున్నాయంటే కాటు గుర్తు వెతుక్కుంటూ కూర్చోకూడదు. రక్తం గడ్డకట్టింది కాబట్టి పర్లేదు అని ఇంటికి పంపకూడదు. మీ చార్టులో ఈ రెండు ముక్కలూ పక్కపక్కనే ఉండాలి. పిల్లలకైనా పెద్దలకైనా యాంటీవీనమ్ డోసు ఒకటేనన్నది కూడా పెద్దక్షరాలతో రాయించండి. పిల్లాడు కదా అని సగం ఇచ్చే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది.

కొత్త ఫలితం వినగానే అడగాల్సినవి

ఎవరి మీద చేశారు? ఏం ఇచ్చారు? దేనితో పోల్చారు? పేషెంటుకు చివరికి ఏం జరిగింది? ఈ నాలుగింటికీ జవాబు దొరక్కపోతే ఆ వార్తను పక్కన పెట్టండి.

మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో కోవిడ్ నేర్పింది. 2020 జూన్‌లో రికవరీ ట్రయల్ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని తేల్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మాత్రం ఉపయోగం కనిపించలేదు. అదే పేపర్లో ఈ మాట స్పష్టంగా ఉంది. కానీ మందు పేరు ఊళ్ళకు చేరింది, షరతు చేరలేదు. 2021 సెకండ్ వేవ్‌లో జ్వరం వచ్చిన మొదటి రోజునుంచే స్టెరాయిడ్ మింగి, షుగరు నాలుగొందలు దాటి వచ్చినవాళ్ళను కోనసీమలో ఎంతమందినో చూశాం. బ్లాక్ ఫంగస్ బాధలు ఆ తర్వాత వచ్చాయి.

ఆస్పిరిన్ విషయంలో దీనికి తలకిందులుగా జరిగింది. 70 ఏళ్ళు దాటిన ఆరోగ్యవంతులకు ముందుజాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ ఇస్తే లాభం లేదని, రక్తస్రావం పెరుగుతుందని 2018లో ఆస్ప్రీ ట్రయల్ చెప్పింది. "ఆస్పిరిన్ వద్దు" అని వార్త వచ్చింది. స్టెంటు వేయించుకున్న ఒక పెద్దాయన అది చదివి మానేసి, ఛాతీనొప్పితో మా దగ్గరికి వచ్చారు. గుండెపోటో స్ట్రోకో ఒకసారి వచ్చినవాళ్ళకు ఆ ట్రయల్ వర్తించదు. మీరు ఏఎన్ఎంలకు ఏ కొత్త విషయం చెప్పినా ఎవరికి కాదు అన్నది కూడా అదే వాక్యంలో చెప్పండి.

నాలుగో ప్రశ్న మెడికల్ రెప్‌లు వచ్చినప్పుడు పనికొస్తుంది. "25 శాతం తగ్గింపు" అని చార్టు చూపిస్తారు. వెయ్యిమందిలో నలుగురికి వచ్చేది ముగ్గురికి వచ్చినా 25 శాతం తగ్గింపే. కాబట్టి ఎంతమందిలో ఎంతమందికి అని అడగండి. తగ్గింది గుండెపోటా, లేక రిపోర్టులో ఒక అంకె మాత్రమేనా అని కూడా అడగండి. 1989లో క్యాస్ట్ ట్రయల్ ఫలితాలు వచ్చేదాకా గుండెపోటు తర్వాత లయ తప్పిన స్పందనలను ఆపే మందులు విరివిగా వాడేవారు. ఈసీజీ చక్కబడింది, మనుషులు ఎక్కువమంది చనిపోయారు. రెప్‌లతో మర్యాదగా ఉండండి, వాళ్ళ ఉద్యోగం వాళ్ళది. కానీ మీ చదువు వాళ్ళ చేతిలో పెట్టకండి.

గైడ్‌లైన్లు ఒకదానితో ఒకటి పొసగకపోతే

కుక్క కాటు దీనికి మంచి ఉదాహరణ. చర్మంలోకి ఇచ్చే వ్యాక్సిన్ 0, 3, 7 రోజుల్లో ముగించవచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2018లో చెప్పింది. మన 2019 జాతీయ గైడ్‌లైన్‌లో 0, 3, 7, 28. మీరు జాతీయ షెడ్యూలే పాటించండి. రికార్డు, సరఫరా, తర్వాతి డోసు వేసే పక్క పీహెచ్‌సీ అన్నీ దాని మీదే నడుస్తాయి. డబ్ల్యూహెచ్‌ఓ పత్రం చదివిన డాక్టరు ఒక షెడ్యూలు, చదవని డాక్టరు ఇంకో షెడ్యూలు వేస్తే నలిగేది పేషెంటు. రెండింటిలోనూ ఒకటిగా ఉన్నదాని మీద పట్టుగా ఉండండి: గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగడం, మూడో కేటగిరీ (చర్మం చీరి రక్తం వచ్చిన) గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ యాంటీబాడీలు) గాయం చుట్టూ, లోపలికి ఎక్కించడం. మన ఊళ్ళలో ఇప్పటికీ గాయం మీద కారం, సున్నం పెట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళను కసరకుండా ముందు కడిగించండి.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

కొత్త మందు మేలు చేస్తుందని ఒక్క ట్రయల్ వస్తే తొందరేం లేదు, రెండోది రానివ్వండి, గైడ్‌లైన్‌లోకి ఎక్కనివ్వండి. కోవిడ్‌కు కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసిన ప్లాస్మా కోసం జనం పరుగులు పెట్టారు, మన ఐసీఎంఆరే చేసిన ప్లాసిడ్ ట్రయల్ 2020లో ప్రయోజనం లేదని తేల్చింది, అయినా జాతీయ గైడ్‌లైన్ నుంచి అది తొలగేసరికి 2021 మే వచ్చింది.

హాని గురించిన హెచ్చరిక అయితే ఒక్క రోజు కూడా ఆగకండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకు సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ సూచించింది. ఇలాంటిది వచ్చిన పూటే ఫార్మసిస్టుకు చూపించి, ఉన్న సీసాలు అరలోంచి తీయించి, ఏఎన్ఎంలందరికీ ఫోన్ చేయించాలి. నెల సమావేశం దాకా ఆగే విషయం కాదు.

నర్సులకు, ఏఎన్ఎంలకు, ఆశాలకు

నెల సమావేశంలో రిపోర్టుల మీద గంటలు గడుస్తాయి. అందులో మొదటి పదిహేను నిమిషాలు మీరు తీసుకోండి. చివర పెడితే అందరూ బస్సు టైము చూసుకుంటూ ఉంటారు. నెలకు ఒక్కటే విషయం, తెలుగులో, చేత్తో చేయించి చెప్పండి. విరేచనాల పిల్లాడికి జింకు అనుకోండి. 14 రోజులు ఇవ్వాలని చెబితే తల ఊపుతారు. "మూడో రోజుకు విరేచనాలు తగ్గిపోతే తల్లి మానేస్తుంది, అప్పుడు ఆవిడకు ఏం చెబుతావమ్మా?" అని అడిగి, వాళ్ళ నోటితో చెప్పించండి. అప్పుడు నిలబడుతుంది.

కొత్త చార్టు అంటించేటప్పుడు పాతది చించేయండి. ఒకే గోడ మీద రెండేళ్ళ తేడాతో రెండు చార్టులు ఉంటే కొత్తగా వచ్చిన నర్సు ఏది చూసి డోసు వేస్తుంది? చార్టు మూలన తేదీ రాయండి.

పాతవి మాన్పించడం కొత్తవి నేర్పడం కన్నా కష్టం. బోదకాలు చూడండి. మన డెల్టాకు అది తరతరాల జబ్బు. కాలు ఏనాడో వాచి గట్టిపడినవాళ్ళకు డీఈసీ (బోదకాలు పురుగులను చంపే మాత్ర) కోర్సులు మళ్ళీ మళ్ళీ రాసే అలవాటు ఉంది. వాళ్ళకు అసలు ఉపశమనం ఇచ్చేది రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ మధ్య తడి తుడిచి, పగుళ్ళకు మందు రాసి, కాలు ఎత్తులో పెట్టుకోవడం. జ్వరంతో కాలు ఎర్రబడే అటాక్‌లు దీనితో తగ్గుతాయి. ఊరంతటికీ ఏడాదికోసారి ఇచ్చే మాత్రలు వ్యాప్తిని ఆపడానికి. ఈ రెండూ వేర్వేరని ఆశాకు తెలిస్తే, "మాకు వాపు లేదుగా, మాత్ర ఎందుకు?" అని అడిగేవాళ్ళకు ఆవిడే జవాబు చెప్పగలదు.

ఊళ్ళో ఆర్‌ఎంపీలను కూడా వదిలేయకండి. వాళ్ళ వైద్యాన్ని సమర్థించమని కాదు. పాము కాటు, ఛాతీనొప్పి ముందు వాళ్ళ దగ్గరికే వెళ్తాయి. కట్లు బిగించకు, కోయకు, వెంటనే పంపు అన్న మాట వాళ్ళకు చేరితే గంట కలిసొస్తుంది. ఆ గంటే చాలాసార్లు ప్రాణం.

టైము ఎక్కడిది?

రోజూ చదవాలని పెట్టుకుంటే వారంలో ఆగిపోతుంది. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, ఓపీలో మీకు జవాబు తట్టని ప్రశ్న రాసుకోండి. ఆదివారం పొద్దున వాటిలో ఒక్కటి వెతకండి. పేషెంటు ముఖం గుర్తుండే ప్రశ్న కాబట్టి జవాబు మర్చిపోరు. సీఎంఈలకు (డాక్టర్లు చదువు తాజా చేసుకునే తరగతులకు) వెళ్ళేటప్పుడు కూడా ఆ పుస్తకం పట్టుకెళ్ళండి. ఐదేళ్ళలో 30 గంటల సీఎంఈ అని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, ఎలాగూ వెళ్తారు. అక్కడ స్పెషలిస్టును మీ పీహెచ్‌సీ ప్రశ్న అడగండి. "మా దగ్గర ఆ పరీక్ష లేదు సార్, అప్పుడేం చేయాలి?" అని నిలదీయండి. అక్కడ కూర్చున్న సగంమందికి అదే సందేహం ఉంటుంది. చుట్టుపక్కల పీహెచ్‌సీల నుంచి నలుగురు కలిసినా చాలు, ఇరవై జబ్బులు పంచుకోండి. తలా ఐదు. ఎవరి ఐదులో మార్పు వస్తే వాళ్ళు మిగతావాళ్ళకు చెప్పాలి.

మీరు ఇప్పుడే మొదలుపెడితే పాము కాటు, విరేచనాలు, లెప్టో ముందు తీసుకోండి. జులైలో గోదావరికి నీరు వచ్చేలోపు గాజు ట్యూబులు, యాంటీవీనమ్ ఎక్స్‌పైరీ, ఓఆర్‌ఎస్, జింకు, డాక్సీసైక్లిన్ స్టాకు ఫార్మసిస్టుతో కలిసి లెక్క చూడండి. లంకల్లో పనిచేసే ఏఎన్ఎంల కిట్లు కూడా అప్పుడే నింపించండి, పడవలు తిరగడం మొదలయ్యాక అటు ఏదీ సరిగ్గా చేరదు. ఇరవై జబ్బుల జాబితా తయారయ్యాక ఇక్కడ పెట్టండి. దేనికి ఏ గైడ్‌లైన్ అమల్లో ఉందో ఒక్కొక్కటిగా చూసి చెబుతాను.